నమిలి చెప్పవలసిన ఆకు

మా అంగట్లో బల్ల మీద ఎప్పుడూ ఒక స్టీలు డబ్బా ఉంటుంది. అందులో బెల్లం ముక్కలుంటాయి. తెలియనివాళ్ళు మర్యాదకు పెట్టామనుకుని చెయ్యి పెడతారు. నేను కసురుకుంటాను. ఆ తర్వాత ఎందుకు కసిరానా అని బాధపడి ఒక ముక్క నేనే తీసి ఇస్తాను. నా కోపం పాలపొంగు అంటుంది మా అమ్మ. పొంగినప్పుడు పొయ్యి ఆరిపోతుంది కదా, ఆ సంగతి మాత్రం ఆమె చెప్పదు.

పుత్తూరు బజారులో మాది నాటుమందుల దినుసుల అంగడి. వేర్లు, బెరళ్ళు, గింజలు, ఎండాకులు అమ్ముతాం. ఇంట్లో మాది ఉర్దూ, అంగట్లో తెలుగు, నగరి వైపు నుంచి వచ్చేవాళ్ళతో అరవం. మా నాన్న నలభై ఏళ్ళు కూర్చున్న పీట మీద ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. మోకాళ్ళు అరిగిపోయి ఆయన వెనక గదిలో మంచం పట్టాడు కానీ, ఒక చెవి ఎప్పుడూ అంగట్లోనే ఉంటుంది. తిరుపతిలో డిగ్రీ చదివేటప్పుడు నేను బోటనీ తీసుకున్నాను. మూడేళ్ళు ఆకులకు లాటిన్ పేర్లు బట్టీ కొట్టి ఇంటికొచ్చి, అవే ఆకుల్ని ఆయన దగ్గర మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నాను. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు పదేళ్ళు పట్టింది.

మా దగ్గర ఎక్కువగా పోయేది పొడపత్రి. చక్కెర జబ్బున్నవాళ్ళు కొంటారు. కొండల్లో కలివి ముళ్ళపొదల మీదికి ఎగబాకే తీగ అది. దాని ఆకు నమిలి, ఆ తర్వాత బెల్లం నోట్లో వేసుకుంటే తీపి తెలియదు. ఇసుక నమిలినట్టు ఉంటుంది. 'మన్ను తిన్నట్టుండాది' అంటారు మా వైపు. ఒక అరగంట ఏ తీపీ నాలుకకు అందదు. అదే కొండలో, అవే పొదల మీద, వెర్రిపాల అని ఇంకో తీగ పాకుతుంది. దానికీ ఆకులు ఎదురెదురుగానే ఉంటాయి. అదే పచ్చ. పూత వచ్చినప్పుడు ఎవరైనా చెప్పేస్తారు. పొడపత్రికి చిన్నచిన్న పసుపు గుత్తులు, వెర్రిపాల పువ్వుకు లోపల ఊదారంగు. పూత లేని రోజుల్లో, అందులోనూ లేతాకులో, తేడా పట్టడం తలకు మించిన పని. వెర్రిపాల కూడా ఉబ్బసానికి పనికొచ్చేదే. కానీ ఒకటనుకుని ఇంకొకటి తింటే కడుపులో ఉన్నదంతా బయటికొస్తుంది.

అందుకని మా నాన్న ఒక పద్ధతి పెట్టాడు. మూట దించగానే అడుగు నుంచి ఒక ఆకు తీస్తాం. దాన్ని అమ్మేవాళ్ళే నమలాలి, బెల్లం తినాలి, ఎట్లుందో నోరు తెరిచి చెప్పాలి. పైనుంచి తీసిన ఆకు కొనేవాళ్ళం మేం నమలాలి. ఇద్దరెందుకంటే, పొడపత్రి ఒకసారి నమిలాక ఆ నోరు అరగంట పనికిరాదు. ఒక నోరు ఒక్క ఆకుకే సాక్షి అంటాడాయన. తన నోట్లో వేసుకోని ఆకును ఇంకొకరి నోటికి అమ్మకూడదనేది ఆయన పట్టు.

పొడపత్రి మాకు తెచ్చేవాళ్ళలో అందరికంటే పాత మనిషి ఒక అవ్వ. కొండ కింద పల్లె ఆమెది. నేను పలక పట్టుకున్న రోజుల నుంచి ఆమె మూటలు మా అంగట్లోనే దిగుతున్నాయి. కోడలు రేణిగుంటలో గోడౌన్ పనికి పోతుంది. ఇంటికి ఈమె చేతి సంపాదన ఈ ఆకు ఒక్కటే. కొండలో కూడా ఆమె పద్ధతి అదే. కొంగుముడిలో బెల్లం ముక్క కట్టుకుని పోతుంది. కొత్త తీగ కనబడితే ఆకు నమిలి, బెల్లం కొరికి, అప్పుడు కోతకు దిగుతుంది. ఆమె మూట విప్పితే మా నాన్న కూడా పైపైన చూసి పక్కన పెట్టించేవాడు. అంత నమ్మకం.

రెండేళ్ళ కిందట రంజాన్ నెలలో, ఎండలు ముదురుతున్న రోజుల్లో, మధ్యాహ్నం దాటాక ఆమె మూట దించింది. నా నాలుక పిడచకట్టుకుపోయి ఉంది.

"ఒక్కపొద్దులో ఉండావా పాపా?" అంది.

"అవునవ్వా."

"అయితే నువ్వు ఆకు నమలవు గదా. నేను సందకాడ దాకా ఉంటే బస్సు పోతాది."

రంజాన్‌లో మా వంతు పరీక్షను పొద్దు గూకేదాకా ఆపుకోవాలని మా నాన్న నియమం. నాలుక మీద పెట్టి ఉమ్మేస్తే తప్పులేదనేవాళ్ళున్నారు. కానీ గొంతు అంత ఎండిపోయిన వేళ బెల్లం నోట్లో వేసుకుని మింగకుండా ఉండగలనని నా మీద నాకే నమ్మకం లేదు. బల్ల సొరుగులో కాలేజీ నాటి భూతద్దం ఉంది. దాన్ని తీసి చూసి ఉంటే ఈ కథే లేదు. తీయలేదు.

"నువ్వు చెప్తే చాలవ్వా," అన్నాను.

ఆమె అడుగు నుంచి ఆకు తీసి నమిలింది. బెల్లం ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, ఎప్పటి లాగే తల ఊపింది. "మన్ను పాపా. వొట్టి మన్ను." బస్సుకు పరిగెత్తింది. మూట లోపలికి పోయింది.

పండగ రోజు మా ఇంట్లో ఒక అలవాటుంది. మా నాన్నకు చక్కెర జబ్బు, తీపి మీద ప్రాణం. షీర్ ఖుర్మా కప్పు చేతికిచ్చే ముందు మా అమ్మ ఆయనతో రెండు పొడపత్రి ఆకులు నమిలిస్తుంది. అప్పుడు ఆ పాయసం ఆయన నోటికి గంజి లాగా ఉంటుంది, రెండో కప్పు అడగడు. ఏడాదికొకసారి జరిగే ఈ అన్యాయం గురించి ఆయన ఏడాదంతా చెప్పుకుంటాడు. ఆ ఏడు ఆకులు కొత్త మూటలోంచి నేనే తెచ్చిచ్చాను. ఆయన నమిలాడు. ఒక చెంచా తాగాడు. ఇంకో చెంచా. కప్పు ఖాళీ చేసి, మాట్లాడకుండా రెండో కప్పు అందుకున్నాడు. మా అమ్మకు అనుమానం వచ్చేసరికి మూడోది కూడా సగమైంది.

"ఈ ఏడు అల్లా దయ చూపించాడు," అన్నాడు ఉర్దూలో, మూతి తుడుచుకుంటూ.

ఆ దయ అరగంట నిలిచింది. తర్వాత ఆయన వాంతులు చూసి పండగకు వచ్చిన చుట్టాలు లేచిపోయారు. మధ్యాహ్నానికి తేరుకున్నాడు కానీ, నా ఒళ్ళు మండిపోయింది. అంగట్లోకి పోయి ఆ మూట నేల మీద పరిచి, భూతద్దం పెట్టుకుని కూర్చున్నాను. పొడపత్రి ఆకుకు పైనా కిందా సన్నటి నూగు ఉంటుంది. వెర్రిపాలకు పైభాగం నున్నగా ఉంటుంది. ఆ మూటలో మూడొంతుల్లో ఒక వంతు నున్నటిదే. నలభై ఏళ్ళు కొండ తిరిగిన మనిషి కళ్ళకు ఇది తెలియకపోవడమా? తూకం కోసం కలిపింది, నేను ఒక్కపొద్దులో ఉన్నానని చూసుకుని మరీ కలిపింది అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తుంది. ఆ రోజు మాత్రం అది నాకు సూర్యుడంత స్పష్టంగా కనబడింది.

తర్వాతి వారం ఆమె వచ్చింది. అప్పటికే అంగట్లో ఇంకో ఇద్దరు సరుకు తెచ్చేవాళ్ళున్నారు, ఒకామె తిప్పతీగతో, ఇంకొకామె కరక్కాయలతో. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని తెలిసి కూడా నేను ఆమెను మూట దించనివ్వలేదు.

"మా నాయన్ను సంపాలనుకున్నావా అవ్వా? నీ ఆకంతా కల్తీ. నమిలి మరీ అబద్ధం చెప్పినావు."

ఆమె నెత్తి మీద మూట అట్లాగే పెట్టుకుని నిలబడిపోయింది. పుత్తూరులో ఒక అంగట్లో కల్తీ అన్నారంటే సాయంత్రానికి రెండో అంగట్లో కూడా మూట దించనివ్వరు. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకూ తెలుసు, పక్కనున్న ఇద్దరికీ తెలుసు.

"నేను అబద్ధం సెప్తానా పాపా? నీ తావ? ఇయ్యి, మళ్ళా నమలతా. నీ ముందరే."

పాత మూటలోంచి నున్నటి ఆకు ఒకటి ఏరి, రెండుగా చించి, ఒక ముక్క ఆమెకిచ్చి ఒకటి నేను నోట్లో వేసుకున్నాను. ఇద్దరం నమిలి ఉమ్మేశాం. బెల్లం తీసుకున్నాం. నా నోట్లో బెల్లం బెల్లం లాగే కరిగింది.

"ఎట్లుండాది?" అన్నాను.

"మన్ను," అంది ఆమె. రెప్ప వాల్చలేదు.

తిప్పతీగ తెచ్చినామె 'అయ్యయ్యో' అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మొహం మీదే అబద్ధమాడుతున్నదని నాకు ఇంకా మండింది. ఇంకేం అనేదాన్నో గానీ, వెనక గదిలోంచి మా నాన్న కేకేశాడు.

"బేటీ, ఆమెకు నేలవేము ఇవ్వు."

నేలవేము అంటే తెలియనివాళ్ళకు చెబుతున్నాను. మా అంగట్లో దానికంటే చేదైన సరుకు లేదు. మూత తీసిన చేత్తో మొహం తుడుచుకుంటే రెండు గంటల తర్వాత పెదవులు చేదెక్కుతాయి. చిటికెడు నోట్లో పడితే పెద్ద మగవాళ్ళు కూడా ఎగిరి గంతేస్తారు. నేను డబ్బా తీసి ఒక పుల్ల ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని చూడనైనా చూడకుండా నోట్లో వేసుకుని నమిలింది. మేం ముగ్గురం ఆమెకు బదులు మొహాలు చిట్లించుకుని చూస్తున్నాం. ఆమె మొహంలో గీత కూడా కదల్లేదు.

"ఇది గూడా సప్పగానే ఉండాది," అంది. ఆ తర్వాత మా మొహాలు చూసి, "ఏం పాపా? ఏం ఆకిది?" అంది.

స్టూలు లాగి ఆమెను కూర్చోబెట్టాను. మూట నేనే దించాను.

"ఎన్నాళ్ళ నుంచి అవ్వా?"

ఆమె పైట అంచు మడతలు పెట్టుకుంటూ చెప్పింది. వానల్లో జ్వరం వచ్చిందట. పది రోజులు పడుకుందట. లేచినప్పటి నుంచి అన్నం, పులుసు, ఊరగాయ అన్నీ ఒకటే. కరోనా రోజుల్లో మా ఇంట్లో కూడా అందరికీ రుచి పోయింది, నెల తిరిగేలోపు అందరికీ వచ్చింది. ఆమెకు రాలేదు.

"కోడలు సేసిన కూర బాగలేదేమో అనుకున్నా మొదట్లో. పాపం దాన్ని తిట్టినా గూడా," అంది. "మళ్ళా అర్థమయింది, నా నోరే పోయిందని. కానీ పాపా, కొండకు పోయి ఆకు నమిలి బెల్లం కొరికితే మన్ను మాదిరే ఉన్నింది. ఎప్పుడు నమిలినా తప్పలేదు. అన్నిటికీ పోయినా దేవుడు ఆకుకి మాత్రం నా నోరు ఉంచినాడు అనుకున్నా."

ఆ మాట విన్నాక నేను తల ఎత్తలేకపోయాను. నోరు పోయిన మనిషికి ప్రతి ఆకూ పొడపత్రే. కలివి ఆకు నమిలినా, వేపాకు నమిలినా, ఆమె బెల్లం మన్ను లాగే ఉండేది. ఉన్న ఒక్క ధైర్యమూ ఆమెను మోసం చేస్తూ వచ్చింది. పొడపత్రి పరీక్షలో తీపి తగలకపోతే గెలిచినట్టు. ఇంత తిరకాసు పరీక్ష లోకంలో ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు.

"ఇంగ నా ఆకు తీసుకోవు గదా," అంది లేస్తూ. అడిగినట్టు కాదు, తెలిసిన సంగతి చెప్పినట్టు అంది.

ఆమె మూటెత్తుకుని వెళ్ళిపోయింది. నేను ఆపలేదు. ఎందుకు ఆపలేదో ఇప్పటికీ నాకు సరిగా తెలియదు.

ఆ సాయంత్రం మా నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నలుగురిలో అన్నావు కాబట్టి నలుగురిలోనే సరిచెయ్యి అన్నాడు. సరిచేయడానికి ముందు ఆమె ఆకు సరిగా ఉండాలి కదా అన్నాను. అయితే కాలేజీలో నీకు నేర్పింది ఏమైంది అన్నాడు. ఆయన ఎప్పుడూ అంతే, మందు చేదుగానే ఇస్తాడు.

మర్నాడు అంగడి మూసి ఆమె పల్లెకు పోయాను. నన్ను చూసి ఆమె కంగారు పడింది, ఇంకా ఏదో మిగిలింది కాబోలు అనుకుని. ఇద్దరం కొండకు నడిచాం. నాకు ఆయాసం, ఆమెకు లేదు. ఆమె ఎప్పుడూ కోసే మిట్టకు పోయిన వేసవిలో ఎవరో నిప్పు పెట్టారు. ఇన్నాళ్ళూ వేరే చోట పాత తీగలే కోసి, ఈ మధ్యే మళ్ళీ ఇక్కడ కోతకు దిగిందట. మసిబారిన మొదళ్ళ నుంచి వానలకు మళ్ళీ చిగుళ్ళు లేచాయి. కలివి, పొడపత్రి, వెర్రిపాల, అన్నీ ఒకే ముద్దగా అల్లుకుని, అన్నీ లేతాకే. పాత తీగలైతే ఏది ఎక్కడుందో ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఇక్కడ కొత్తగా పుట్టినవాటికి పాత గుర్తులు లేవు. ఆ ముద్ద ముందు నిలబడి, పుస్తకం చదివిన నేను కూడా మొదటి మూడు ఆకుల్లో ఒకటి తప్పు చెప్పాను.

భూతద్దం ఆమె చేతికిచ్చాను. అటు తిప్పింది, ఇటు తిప్పింది. "నాకు నీ ముక్కు కనపడతాది పాపా, ఆకు కనపడల్యా," అని నవ్వింది. ఆమె కళ్ళకు పొర. సరే, వేలితో రుద్ది చూడమన్నాను. నలభై ఏళ్ళు ఆకు తుంచిన బొటనవేలు అది, గొడ్డు డెక్క లాగా గట్టిపడిపోయింది. నూగూ తెలియలేదు, నునుపూ తెలియలేదు. ఇద్దరం బండ మీద కూలబడ్డాం. నేను తెచ్చిన ఉపాయాలు అక్కడితో అయిపోయాయి.

ఆమె ఊరికే కూర్చోలేని మనిషి. చేతిలో ఉన్న ఆకును అలవాటుగా నోటి దాకా తీసుకుపోయింది, గుర్తొచ్చి ఆపింది. ఆకు పెదవి మీదే ఉండిపోయింది. అటొకసారి ఇటొకసారి రాసుకుంది. తర్వాత నా చేతిలోని రెండో ఆకు లాక్కుని దాన్ని కూడా పెదవికి రాసుకుంది.

"పాపా," అంది మెల్లగా. "ఇది దూడ చెవి మాదిరుండాది. ఇది నున్నంగా జారిపోతాది."

భూతద్దం పెట్టి చూశాను. మొదటిది పొడపత్రి. రెండోది వెర్రిపాల. ఇంకో ఆకిచ్చాను. "దూడ చెవి." ఇంకోటి. "జారుడు." లేతాకుకు అడుగున వెర్రిపాలకూ నూగుంటుంది, పైభాగమే చూడాలని చెప్పాను. ఒక్కసారే చెప్పాను. పొద్దు వాలేదాకా తుంచి తుంచి ఇస్తూ పోయాను. నాకు ఆయాసం పోయింది. ఆమె రెండుసార్లు తప్పింది, రెండుసార్లూ ఆకు మీద దుమ్ము ఉంది. తుడిచి ఇస్తే సరిగానే చెప్పింది. ఇంతకాలం నోట్లో పెట్టుకున్న ఆకును ఆమె పెదవి రోజూ తాకుతూనే ఉంది, ఎవరూ దాన్ని అడగలేదు.

దిగేటప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని, "తప్పు మాట అన్నానవ్వా," అన్నాను.

"ఈడ అంటే ఎవురికి ఇనపడతాది పాపా, కలివి సెట్లకా?" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం గుచ్చుకుంది.

తర్వాతి వారం ఆమె వచ్చేసరికి అంగట్లో తిప్పతీగామె ఉంది, కరక్కాయలామె ఉంది. విరిగిన చేతికి పుత్తూరు కట్టు కట్టించుకుని ఊరికి పోతూ మెంతులు కొనడానికి ఆగిన వాళ్ళు ఇంకో ఇద్దరున్నారు. వెనక గదిలో మంచం కిర్రుమంది, మా నాన్న లేచి కూర్చున్నట్టున్నాడు. ఆమె గడప దగ్గరే ఆగింది. నేను లేచి వెళ్ళి ఆమె నెత్తి మీది మూట నా చేతులతో దించాను. పైనుంచి ఒక ఆకు తీసి ఆమెకిచ్చాను. ఆమె పెదవికి రాసుకుని తల ఊపింది. తర్వాత, ఎప్పుడూ ఆమె నమిలే అడుగు ఆకును నేను తీసి నోట్లో వేసుకున్నాను. బాగా నమిలాను. డబ్బా మూత తీసి బెల్లం నాలుక మీద పెట్టుకున్నాను.

ఆమె నా నోటి వంకే చూస్తోంది. ఆ చూపు నేను మర్చిపోలేను. నలభై ఏళ్ళు తన నోరు చెప్పిన మాటను ఇప్పుడు నా నోరు చెప్పాలి.

"ఎట్లుండాది పాపా?"

"మన్ను అవ్వా," అన్నాను.

మాట మెల్లగా వచ్చింది. ఆమె కళ్ళు తుడుచుకుంది. తర్వాత తిప్పతీగామె వైపు ఒకసారి, కరక్కాయలామె వైపు ఒకసారి చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఇంగ రొంత గట్టిగా సెప్పు పాపా," అంది. "ఆ పొద్దు తిట్టినంత గట్టిగా సెప్పల్ల."